చుట్టమంటే పోయినవాడే!

ఇంటికొక వంశచరిత్ర పరిశోధకుడు ఉండి తీరాలి! లేని ఇంటికి కరెంటు కట్ చేసేయాలని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. మా ఇంట్లో అలాంటివాడు ఉన్నాడు, మా అన్నయ్య. రిటైరయ్యాక అందరిలా మోకాళ్ల నొప్పుల గురించి కాకుండా ముత్తాతల గురించి మాట్లాడుతున్నాడు. ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి?

పోయిన చుట్టాలంత మంచివాళ్లు ఎక్కడైనా ఉంటారా, మీరే చెప్పండి! చెప్పాపెట్టకుండా దిగరు. కాఫీలో పంచదార తక్కువైందనరు. పెళ్లికి పిలవలేదని అలగరు. వాళ్ల గురించి ఎన్ని గొప్పలు చెప్పుకున్నా కాదనడానికి రారు. మా ముత్తాత నిన్నమొన్నటిదాకా మామూలు వడ్రంగి. ఇప్పుడేమో ఆయన తలుపులు బిగించని బంగళా ఈ చుట్టుపక్కల లేనే లేదట!

ఇక ఆరోగ్యం సంగతి సరేసరి. అన్నయ్య వెనక సంచి మోస్తూ పల్లెపల్లెకీ తిరిగి నా పొట్ట తగ్గింది. ఆమధ్య ఒక పాత శ్మశానంలో ముళ్లకంపలు నరికి, ముత్తాతగారి సమాధి రాయిని బ్రష్ పెట్టి తోమాం. అన్నయ్య దాన్ని కావలించుకుని భోరుమన్నాడు. నేనూ ఓ చెయ్యి వేసి ఏడ్చాను. నాచంతా పోయి అక్షరాలు బయటపడ్డాక చూస్తే, అందులో ఉన్నది పొలం గట్టు కోసం మా ముత్తాతని కోర్టుకీడ్చిన పెద్దమనిషి! అయితేనేం? పరాయివాడి కోసం కన్నీళ్లు పెట్టుకునే గుణం ఊరికే వస్తుందా?

అన్నిటికన్నా ఘనవిజయం ముత్తాతగారి చెల్లెలు. పుట్టింట్లో మాటామాటా పెరిగి వెళ్లిపోయిందట. ఆవిడ కోసం అన్నయ్య రికార్డుల ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. చివరికి ఆవిడ ఏ ఊళ్లో కన్నుమూసిందో కనిపెట్టి, ఆ ఆఫీసు వరండాలోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంటి ఆడపిల్లరా! ఒక్కడైనా వెళ్లి పలకరించలేదురా! మనుషులేనా వీళ్లు?" అన్నాడు. నా గుండె కరిగిపోయింది.

ఆ వరండాకి ఎదురుగా, రోడ్డవతల, ఒక టైలరింగ్ షాపు ఉంది. అది మా అక్కది. అమ్మ కుట్టుమిషన్ ఎవరికి చెందాలన్న గొడవలో అన్నయ్య ఆమెతో మాటలు మానేశాడు. రోజూ గొడుగుని ఆ షాపు వైపుకి వాల్చి, మొహం దాచుకుని నడుస్తాడు, ఎండ ఇటువైపున్నా సరే!

మొన్న నేను షాపుకెళితే అక్క గుండీలు కుడుతూ అడిగింది. "ఒరేయ్, అన్నయ్య రోజూ అక్కడ ఏం వెతుకుతున్నాడ్రా?"

"చుట్టాల్నక్కా."

అక్క దారం కొరికి పకపకా నవ్వింది. "చొక్కా భుజం దగ్గర కుట్టు విడిపోయింది, చూసుకున్నట్టు లేడు. ఒక్కసారి ఇటొస్తే వేసిస్తానని చెప్పరా" అంది. నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు.

ఇంటికెళ్లి చెప్పాను. అన్నయ్య విననట్టే కంప్యూటర్ తెరిచి వంశవృక్షం చూపించాడు. ప్రతి గడిలోనూ, తన గడిలోనూ నా గడిలోనూ కూడా, పేరు, ఊరు, చేసిన పని. అక్క గడి ఒక్కటే ఖాళీ!

"ఇదేంటన్నయ్యా?"

"బతికున్నవాళ్ల వివరాలు పెట్టకూడదురా. అది రూలు" అన్నాడు గంభీరంగా.

అంత గొప్ప రూలును కాదనడానికి నేనెవణ్ని? అందుకే రికార్డుల ఆఫీసు వారికి చేతులు జోడించి విన్నవించుకుంటున్నాను. మా అక్క నిక్షేపంగా ఉంది. అయినా సరే, దయచేసి ఆమె పేరిట ఒక డెత్ సర్టిఫికెట్ ముందుగానే ఇప్పించండి. అది చేతిలో పెడితే తప్ప మా అన్నయ్య రోడ్డు దాటేట్టు లేడు.