తొందర ఉన్నట్టు ధ్రువపత్రం

మనిషి తొందరపడడం నేరం కాదు. కాకపోతే ఆ తొందర నిజమైనదేనని సంబంధిత అధికారి తేల్చేవరకు ఎవరూ తొందరపడరాదు. వ్యాపార తగాదాల విషయంలో మన నాగరికత ఇంతకు మించి సాధించేదేమీ లేదని నేను బల్ల గుద్ది చెప్పగలను (బల్ల ప్రభుత్వానిది కాకపోతే).

తెలియనివారి కోసం చెబుతున్నాను. వ్యాపార తగాదా వస్తే నేరుగా కోర్టు మెట్లెక్కడానికి లేదు. ముందు ఇద్దరూ మధ్యవర్తి ఎదుట కూర్చోవాలి. అందుకు మూడు నెలలు, చాలకపోతే ఇంకో రెండు. కొంప మునిగిపోతోందంటే మాత్రం మధ్యవర్తిని దాటేసి దావా వేసుకోవచ్చు. ఈ వెసులుబాటు చూసి దేశంలో అందరి కొంపలూ ఒకేసారి మునుగుతాయేమోనన్న ముందుచూపుతో మా తార్నాకలో అత్యవసరతా నిర్ధారణ కేంద్రం వెలిసింది. మెట్రో స్తంభం పక్క సందులో, మూడో అంతస్తు. లిఫ్టు ఉంది (అత్యవసర సమయాల్లో వాడరాదని దాని మీదే రాసి ఉంది).

మా కింది వాటాలో కౌముది ఉంటుంది. కాకినాడ అమ్మాయి. స్నాతకోత్సవాలకు నల్లగౌన్లు అద్దెకిస్తుంది. యూనివర్సిటీ ఆర్డరు మొత్తం ఈ ఏడే మొదటిసారి ఆమెకు దక్కింది. ఉన్నదంతా పెట్టి ఆరువందల పన్నెండు గౌన్లు కుట్టించి, సీతాఫల్‌మండిలో పేరయ్య గోదాములో ఉంచింది. పేరయ్య వాటిని ఇస్త్రీ చేసి భద్రంగా ఉంచాలి. అందుకు బదులు క్యాంపస్‌లో కట్టే బ్యానరు మీద అతని పేరు వేయాలి. అదీ ఒప్పందం. కౌముది పేరు వేయించింది కూడా. అయితే అక్షరాలు దోమంత ఉన్నాయి. పేరయ్య బ్యానరు ముందు వంగి, కళ్ళద్దాలు తుడుచుకుని, తన పేరు వెతుక్కుని చదువుకున్నాడు. తిన్నగా వెళ్ళి గోదాముకు తాళం వేసేశాడు. స్నాతకోత్సవం అప్పటికి తొమ్మిది రోజులుంది.

"బాబాయ్ గారూ, గౌన్లు అందకపోతే నా పని అయిపోయినట్టేనండీ. మీరే ఏదో ఒకటి చేయాలి," అంటూ కౌముది పరుగున వచ్చింది.

సరైన మనిషి దగ్గరికే వచ్చింది. నా పేరు సోమయాజులు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ముప్ఫై ఒక్కేళ్ళు చేశాను. ఇన్‌వర్డ్ నంబరు వేయకుండా నా బల్ల మీంచి ఒక్క కాగితం కదల్లేదు. ఈ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను.

మర్నాడు ఆమెను కేంద్రానికి తీసుకెళ్ళి వరుసలో నిలబెట్టాను. ముందుకు తోసుకుపోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను కూడా. మూడు గంటల తర్వాత అత్యవసరతాధికారి ఈశ్వరయ్యగారి దర్శనమైంది. అనంతపురం మనిషి. ఎదుట ఉన్నది మగైనా ఆడైనా 'అప్పా' అనే పిలుస్తారు.

"ఎంతసేపు నిలబడినారప్పా?"

"మూడు గంటలండీ," అన్నాను సగర్వంగా.

"ఊరికే నిలబడినారా? అరిచినారా, ఎవురినన్నా తోసినారా?"

"అబ్బే, పద్ధతిగా నిలబడ్డామండీ."

"అట్లయితే మీకు అర్జెంటు లేదు." ఆ ముక్క ఫైల్లో రాసుకున్నారు.

"మరి తోసుకుని వచ్చుంటేనో?" అంది కౌముది.

"క్రమశిక్షణ ఉల్లంఘన. దరఖాస్తు కొట్టేద్దుము."

అయినా ఈశ్వరయ్యగారు దయగల మనిషి. తొందర మూడు రకాలని వివరించారు. మామూలు తొందర, కంగారు, ఆదుర్దా. మొదటి రెండింటికీ మధ్యవర్తే గతి. ఆదుర్దా ఉన్నవాళ్ళకే మినహాయింపు. దాన్ని కళ్ళారా చూసిన సాక్షి ఒకరు కావాలి. నేను సంతకం పెట్టాను. 'దరఖాస్తుదారు మా మెట్లు రెండేసి చొప్పున ఎక్కి రాగా చూచితిని' అని రాశాను.

"ఆ మెట్లు మేమే వచ్చి చూడల్ల," అన్నారాయన.

తర్వాతి రోజు గిరీష్ అనే ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మెట్టు మెట్టూ కొలిచాడు. కౌముదిని మూడుసార్లు ఎక్కించాడు. మొదటిసారి ఆదుర్దా స్పష్టంగా కనిపించిందనీ, మూడోసారికి ఆయాసం వల్ల అది మామూలు తొందరకు దిగిందనీ, సగటున కంగారుగా పరిగణించవచ్చనీ నివేదిక ఇచ్చాడు. మేం అప్పీలు పెట్టుకున్నాం. అప్పీలు వరుస వేరే. అది మొదటి వరుస చివరనుంచి మొదలవుతుంది.

స్నాతకోత్సవం ఇక రెండు రోజులుందనగా అదే వరుసలో మా వెనక ఎవరో దగ్గారు. చూస్తే పేరయ్య. నోటీసు అందుకోవడానికి అతన్నీ రమ్మన్నారట. పన్నెండయ్యేసరికి ముగ్గురికీ కళ్ళు తిరుగుతున్నాయి. కౌముది పులిహోర డబ్బా మూత తీసింది. తగాదా అంటే తగాదాయే గానీ, గోదావరి జిల్లా పిల్ల పక్క మనిషికి పెట్టకుండా తినలేదు. మూతలో వేసి అతనికీ ఇచ్చింది.

పేరయ్య సగం తిని ఆగాడు.

"నా బిడ్డను క్యాంపస్‌కి తీస్కపోయిన తల్లీ, బ్యానరు సూపిద్దామని. నాయినా, నీ పేరు ఏడున్నదే అన్నది. జర పెద్దగ రాస్తే ఏమైతుండె?"

కౌముది ముఖం వాడిపోయింది. "ప్రెస్సువాళ్ళు చోటు లేదంటే నేనూ ఊరుకున్నానండీ. నాదే తప్పు. ఈసారి మీ పేరే పైన వేయిస్తాను. ఫొటో కూడా."

"ఫొటో వద్దుగని. పేరు చాలు." జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పట్టు. ఇస్త్రీ జేసే ఉన్నయ్ అన్ని."

అంతే. తగాదా తీరిపోయింది. కౌముది ఎగిరి గంతేసి, "పదండి బాబాయ్ గారూ, ఆటో పిలుస్తాను," అంది.

ఇక్కడే నా ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసు మేల్కొంది. కాగితం లేకుండా ఎలా వెళ్తాం? పెండింగులో ఉన్న ఫైలును అలా గాలికి వదిలేస్తామా?

"ఒక్క ఐదు నిమిషాలమ్మా. రాజీ అయినట్టు అధికారికి ఒక ముక్క రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకుని పోదాం," అన్నాను.

ఈశ్వరయ్యగారు నా ఉత్తరం రెండుసార్లు చదివారు.

"మిమ్మల్ని ఎవురప్పా కలిపింది?"

"పులిహోరండీ," అంది కౌముది నవ్వుతూ.

ఆయన సొరుగులోంచి ఒక జాబితా తీసి వేలితో కిందిదాకా వెతికారు. "మన మధ్యవర్తుల్లో ఆ పేరు లేదే. పైగా, మధ్యవర్తితో కూర్చునేంత టైము లేదని రాసిచ్చినావు. ఇప్పుడు రాజీ పడినావంటే టైము ఉన్నట్టే కదప్పా? తప్పుడు ప్రమాణం అయితాది. ఈ తాళంచెవి వివాద వస్తువు. ఇట్లియ్యి."

తాళంచెవి కవర్లోకి వెళ్ళింది. కవరు మీద లక్క పడింది. ఇన్‌వర్డ్ నంబరు కూడా వేశారు.

"సార్, గది నాది, తాళం నాది. పలగ్గొట్టుకుంట!" అన్నాడు పేరయ్య.

ఆ మాట వినగానే గోదాము తలుపుకు సీలు వేయడానికి గిరీష్ స్కూటరెక్కి దూసుకుపోయాడు. ఆ కేంద్రంలో తొందరగా కదిలిన మనిషిని చూడడం నాకు అదే మొదలు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కౌముది మాత్రం ఈసారి మెట్లు ఒక్కొక్కటే దిగింది.

స్నాతకోత్సవం నాడు ఆమె దగ్గర ఇంట్లో ఉన్న మచ్చు గౌన్లు రెండే మిగిలాయి. ఒకరు వేదికెక్కి పట్టా పుచ్చుకుంటుంటే ఇంకొకరు కింద తొడుక్కోవాలి. దిగినవాడి గౌను ఊడదీసేది పేరయ్య, ఎక్కేవాళ్ళకు తొడిగేది కౌముది, చేతులు సర్దేది నేను. ఆరువందల పన్నెండు మందిని అలాగే దాటించాం. ఆరడుగుల వాడికి మోకాళ్ళ దాకా, పొట్టి పిల్లకు నేల మీదికి. మధ్యలో ఎవరికో గౌను తల మీంచి దిగక, అలాగే వేదికెక్కి పట్టా తీసుకున్నాడు. హాలంతా ఈలలు. కౌముది పడీపడీ నవ్వింది. అలా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఒక గౌను ఎడమచేతి మీద పులిహోర నూనె మరక ఉంది. మూడువందల ఆరు ఫొటోల్లో ఆ మరక పడింది. వచ్చే ఏడు రానక్కర్లేదని యూనివర్సిటీవారు ఆ సాయంత్రమే చెప్పేశారు.

ఇరవై మూడు రోజుల తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో ధ్రువపత్రం వచ్చింది. దరఖాస్తుదారు ఆదుర్దా నిజమైనదేననీ, క్షణం కూడా ఆలస్యం చేయరాదనీ అందులో ఉంది. తాళంచెవి జత చేశారు.

గౌన్లన్నీ నల్లవే కదా. కౌముది అంచులు విప్పించి, వాటిని వకీళ్ళ గౌన్లుగా మార్చేసింది. కేంద్రానికి ఎదురుగానే దుకాణం పెట్టింది. ఆ వరుసలో వకీళ్ళకు కొదవ లేదు. నిలబడి నిలబడి పాత గౌన్లు చిరిగిపోతాయి కాబట్టి బేరం బాగుంది. బోర్డు మీద పైన మూరెడు అక్షరాల్లో 'పేరయ్య ఇస్త్రీ'. దాని కింద 'కౌముది గౌన్లు'. అడుగున, నేను వంగి, కళ్ళద్దాలు తుడుచుకుని చదివితే, 'కాగితాలు: సోమయాజులు' అని ఉంది.

దోమంత అక్షరాలు. నేను వెంటనే రోడ్డు దాటి, మూడో అంతస్తెక్కి, ఫిర్యాదు దాఖలు చేశాను. అర్జెంటా అని ఈశ్వరయ్యగారు అడిగారు. అక్కర్లేదు, పద్ధతి ప్రకారమే కానివ్వండి అన్నాను.