ఒక్కో ఫోనులో ఒక్కో పది గంటలు

పోర్ట్‌బ్లెయిర్‌లో ఏ రెండు ఫోన్లూ ఒకే టైము చూపించడం లేదని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఇంతకంటే వరం ఇంకేం కావాలండీ!

ఢిల్లీవాళ్లకి పాపం ఒకటే టైము. ఇక్కడ డెయిరీ ఫార్మ్ పేటలో మా ఒక్క ఇంట్లోనే మూడు! మా ఆవిడ ప్రమీల టీచరు, ఆవిడ ఫోను కాస్త ముందు. నేను గుమాస్తాని, నా ఫోను సహజంగానే వెనక. మా అత్తగారు దేముడమ్మగారి ఫోనైతే బర్మాకి దగ్గరగా ఉన్న దిగ్లీపూర్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి బర్మా టైములోనే ఉండిపోయింది. ఆవిడ అందరికంటే ముందే భోంచేస్తారు.

ఉపగ్రహం పైనుంచి పిసరంత తేడా లేకుండా టైము పంపుతుందట. టవరు దాన్ని అందుకుని ఫోన్లకి పంచాలట. పైనుంచి వచ్చిన ఆర్డరు కింది టేబులు దాకా ఎప్పుడు చేరుతుందో గవర్నమెంటు ఉద్యోగిని, నాకు తెలియదా? టవరుని నేనొక్క మాట అనను.

మా ఆఫీసులో గురునాథం ఎప్పుడొచ్చినా టైముకే వచ్చినట్టు! ఫోను తీసి చూపిస్తాడు. ఇదివరకు పాపం అబద్ధాలాడేవాడు.

మొన్న సునామీ మాక్ డ్రిల్ పెట్టారు. సైరను మూగబోయి చాన్నాళ్లయింది కదా, "మీ ఫోనులో పది కాగానే స్కూలు గుట్ట ఎక్కండి" అని చాటించారు. ఎంత తెలివి! ఎవరి పదికి వాళ్లు ఎక్కారు.

"బాబూ, నా ఫోనులో పదైపోనాది, పదండి," అన్నారు అత్తగారు.

"అది బర్మా పదండీ," అని నవ్వాను.

నా ఫోనులో పదయ్యాక ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా గుట్టెక్కించాను. పైన షామియానా విప్పేస్తున్నారు. ప్రమీల ఎప్పుడో బతికిపోయి సమోసా తింటోంది.

"మీరిద్దరూ డూబ్ గయే భయ్యా, మునిగిపోయారు! సమోసాలు బతికినోళ్లకే," అన్నాడు డ్రిల్ పెట్టిన ఆఫీసరు.

నేను పడీ పడీ నవ్వాను. అత్తగారు నవ్వలేదు. కింద కనిపిస్తున్న సముద్రం వైపే చూస్తున్నారు.

"సునామీ వొచ్చిన ఆ ఆదివారం టైమెవుడు సూసినాడు బాబూ? జనం పరిగెడితే మేమూ పరిగెట్టీసినాం. మీ మావ చెప్పులేసుకుందారని ఆగినాడు."

అయ్యా, పెద్దలారా! ఫోన్ల టైము ఇలాగే ఉండనివ్వండి, గురునాథం సుఖపడతాడు. నాకు సమోసా కూడా వద్దు. ఆ సైరను ఒక్కటి బాగుచేయించండి.