గోకర మడికి ఎర్రగుడ్డ

మిరుగం కార్తెలో రెండు వానలు గట్టిగా పడ్డాక, ఆ ఆదివారం గోకర, అదే గోరుచిక్కుడు, గింజలు పెట్టాలని మొగిలి ఇంట్లో ముందే ఖాయమైంది. మొగిలి గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడు. వారమంతా భూమి లోపల తవ్వినవాడికి సెలవునాడు భూమి పైన తవ్వడం ఏం సరదా అని భార్య అనసూర్య అనుమానం. కూతురు సమ్మక్క ముందు ఆ మాట అనే ధైర్యం మాత్రం ఆమెకు లేదు. సమ్మక్కకు ఏడేళ్లు. క్వార్టర్ వెనక ఆ పిల్ల పెట్టిన గింజలు రెండుసార్లు మొలిచాయి. రెండుసార్లూ నీళ్ల నల్లాకు అడ్డదారిన పోయే వాడకట్టు వాళ్ల కాళ్ల కింద నలిగిపోయాయి. రెండోసారి పిల్ల పూటంతా అన్నం ముట్టలేదు. ఈసారి ఒక్క మొక్క మీదా కాలు పడనివ్వనని మొగిలి మాటిచ్చేశాడు.

పొద్దున్నే పనిలోకి దిగారు. మొగిలి గడ్డపారతో తవ్వాడు, సమ్మక్క రాళ్లు ఏరింది, ఐదేళ్ల కొడుకు రాజేశం ఏరిన రాళ్లను మళ్లీ మడిలో వేశాడు. గింజలు పెట్టడం అయ్యాక సమ్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. గనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు.

"బాపూ, బాయిల ఎవ్వలు పోవద్దంటె ఏం పెడ్తరు?"

"రెండు కట్టెలు అడ్డంగ కట్టి ఎర్రగుడ్డ కడ్తం బిడ్డా. అది జూస్తె మేనేజరు గుడ ఆగాలె."

"మరి గదే పెట్టు."

ఇంత తేలిక ఉపాయం తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు మొగిలి. పైకప్పు కూలేచోట, నేల కుంగేచోట పెట్టే గుర్తు అది. అనసూర్య పాత ఎర్ర జాకెట్టు చింపి, మడికి రెండు కొసలా కర్రలు కత్తెరలా కట్టి పాతాడు. కాలనీలో అందరూ బాయివాళ్లే, ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదనుకున్నాడు. అదే అతను చేసిన తప్పు. అనసూర్య అప్పటికే అంగడికి పోయింది. పిల్లలిద్దరినీ సైకిలెక్కించుకుని అతనూ ఎరువు కోసం పక్క ఊరికి బయల్దేరాడు.

రాత్రి షిఫ్టు చేసొచ్చి ఓ కునుకు తీసి లేచిన పక్కింటి సదయ్య, చెంబు పట్టుకుని ఇళ్ల వెనక్కి వచ్చాడు. ఎర్రగుడ్డ చూసి ఉన్నచోటే ఆగిపోయాడు. ఇరవై ఏళ్ల అలవాటు మరి. తాజాగా తవ్విన మన్ను, పైన నిన్నటి వాన, కింద ఏదో పాత బాయి ఉందని కాలనీలో ఎప్పటినుంచో ఒక మాట. సదయ్య చప్పుడు చేయకుండా వెనక్కి నడిచి, ముందు మంచాన్ని, తర్వాత భార్యను బయటికి తెచ్చాడు.

ఎదురింటి ఫిట్టర్ ఖాజా సంగతేమిటని అడిగాడు. అడిగి, పోయిన నెలలో కొన్న టీవీని దుప్పట్లో చుట్టి రోడ్డు మీదికి మోసుకొచ్చాడు. ఖాజా టీవీయే బయటికొచ్చిందంటే ఇక సందేహం లేదని వాడకట్టంతా సామాను సర్దింది. ఎవరో ఆఫీసుకు కబురు మోశారు.

మొగిలి ఎరువు మూటతో తిరిగొచ్చేసరికి రెండు వరుసల క్వార్టర్లు ఖాళీగా, రోడ్డు నిండుగా ఉన్నాయి.

"భూమి కుంగుతాంది మొగిలీ. జల్ది సామాను తియ్యి," అన్నాడు సదయ్య.

 మొగిలి పిల్లల్ని ఖాజాకు అప్పగించి లోపలికి ఉరికాడు. బియ్యం డబ్బా తెచ్చాడు, పరుపు తెచ్చాడు, గోడ గడియారం కూడా తెచ్చాడు. గడియారం చేతిలో ఉండగానే మళ్లీ లోపలికి పోబోతుంటే సమ్మక్క చొక్కా పట్టుకుని, మరి మన గోకర గింజల సంగతేందని అడిగింది. అప్పుడుగానీ అతనికి అడగాలని తోచలేదు.

"ఎక్కడ కుంగింది సదన్నా?"

"నీ ఇంటెన్కనే. కట్టెలు పెట్టిన్రు గద."

మొగిలి గడియారాన్ని మెల్లగా కింద పెట్టాడు. నిజం చెబితే వాడకట్టు ఊరుకోదు. కర్రలు పీకేస్తే పిల్ల మడి గతి మళ్లీ అంతే. ఏమీ తేల్చుకోకముందే జీపు వచ్చింది. దిగిన ఆఫీసరు ఎర్రగుడ్డకు బారెడు దూరంలో ఆగి, ఇది పెట్టిందెవరని అడిగాడు. మొగిలి ఒకసారి కూతురి వైపు చూశాడు.

"నేనే సార్. గోకర గింజలు పెట్టినం. తొక్కుతరని కట్టిన."

అందరూ ఒక్కసారే తిట్టడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు మంచం మోసినవాడు కాబట్టి సదయ్య గొంతే పెద్దగా వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయి మొగిలి కర్రలు పీకడానికి వంగాడు. ఆఫీసరు ఆపాడు.

"పెట్టిన గుర్తు నీ ఇష్టం వచ్చినట్టు తీస్తావా? పరీక్ష చేసి, నేల బాగుందని రాసిచ్చాకే తీయాలి. అప్పటిదాకా ఒక్క కార్మికుడూ లోపలికి పోకూడదు."

మరి నీళ్లెవరు పోస్తారని మొగిలి గొణిగాడు. ఆఫీసరు పిల్లలిద్దర్నీ చూశాడు. వీళ్ల పేర్లు కార్మికుల హాజరు మస్టరులో లేవు కదా అని జీపెక్కాడు.

పరీక్ష చేసేవాళ్లకు తీరిక దొరకడానికి యాభై రోజులు పట్టింది. అన్నాళ్లూ వాడకట్టంతా సణుక్కుంటూ చుట్టూ తిరిగి నల్లాకు పోయింది. అక్కాతమ్ముళ్లు లోపల నీళ్లు పోస్తుంటే మొగిలి కర్రల ఇవతల నిలబడి, కలుపు ఎక్కడుందో వేలుతో చూపించేవాడు. ఒక్క మొక్క నలగలేదు, గోకర నడుమెత్తు పెరిగి కాయలు వేలాడాయి. చివరికి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి నేల గట్టిగానే ఉందని రాసి సంతకాలు పెట్టారు. కర్రలు తీశారు. ఆ సంబరంలో మొగిలి యాభై రోజుల తర్వాత మొదటిసారి మడిలోకి అడుగు పెట్టాడు.

ఈసారి ఆ మడిలో నలిగిన మొదటి మొక్క అతని కాలి కిందిదే.