సోమవారం నీళ్లు

నీటికి మనుషుల మనసు తెలుస్తుందని బావోడింగ్‌లోని పరిశోధనా సంస్థ ముద్ర వేసి ధ్రువీకరించి ఆరేళ్లయింది. అలా తెలిసేదైతే సోమవారాలే ఎందుకు తెలుస్తుందన్న గ్వేలాన్ సందేహానికీ ఆరేళ్లే. కానీ ఆమె అక్కడ కప్పులు కడిగే మనిషి. సందేహాలు తీర్చడానికి సంస్థలో వేరే ఉద్యోగం ఉంది (దానికింకా మనిషిని వేయలేదు).

ఒకే పైకప్పు కింద మూడు విభాగాలు: క్యాన్సర్ చికిత్స, ఉపరితల రసాయనం, దూర ప్రాణశక్తి గ్రహణం. మొదటిదానికి రోగులున్నారు, రెండోదానికి ఒక గాజు గొట్టం ఉంది, మూడోదానికి నిధులున్నాయి. అందుకని మూడూ కలిసిమెలిసి ఉండేవి. రోగి పేరు రాసిన కప్పులో నీళ్లు పోస్తారు. పది గంటలకు కున్మింగ్‌లో ఉన్న మహాగురువుకు ఫోన్ చేస్తారు. రెండు వేల కిలోమీటర్ల అవతల ఆయన కళ్లు మూసుకుంటారు (తెరిచే ఉంచినా ఇక్కడెవరికీ కనబడదు). తర్వాత రసాయన విభాగం లూ మాస్టారు ఆ నీటిని గొట్టంలోంచి బొట్లుబొట్లుగా జారవిడిచి లెక్కపెడతాడు. బొట్లు చిన్నవై లెక్క పెరిగితే శక్తి అందినట్టు. కాగితం మీద ఎర్రముద్ర పడుతుంది. ఎర్రముద్ర పడిన ఒంటిని కత్తి తాకకూడదు. ఆ నీళ్లు తాగుతూ కోలుకోవాలి. లెక్క పెరగనివాళ్లకు నీలిముద్ర. ఆ అభాగ్యులను ఆపరేషన్‌కు పంపేవారు.

మహాగురువు ఆదివారం విశ్రాంతి తీసుకుంటారు కనుక సోమవారం శక్తి పుష్కలంగా ఉంటుందని డైరెక్టర్ ఫాంగ్ వివరించాడు. దాంతో సోమవారం టోకెన్ల కోసం జనం ముందురోజే వరుసలో ఇటుకలు పెట్టి వెళ్లేవారు. ఇటుకల మీద పేర్లు, పేర్ల మీద తగాదాలు, తగాదాల మీద ఒక ఉపసంఘం.

గ్వేలాన్‌కు కరుణాదేవత గువాన్యిన్ తల్లి మీద గురి. ఎంత దూరంలో ఉన్నా ఆ తల్లి మొర ఆలకిస్తుందని రోజూ ధూపం వేసే మనిషే. "అయినా ఆ తల్లి మంగళవారం కూడా వింటుంది కదండీ" అని ఒకసారి ఉండబట్టలేక అంది.

"ఆవిడ దగ్గర గాజు గొట్టం లేదు" అన్నాడు ఫాంగ్.

ఆ వేసవిలో పక్కింటి షూజెన్‌కు రొమ్ములో గడ్డ తేలింది. షూజెన్ కుట్టుపనిలో ఆ వీధికే పెద్ద. రేషన్ కాలంలో, గ్వేలాన్ బాలింతగా ఉన్నప్పుడు, ఉన్న ఒక్క సబ్బునూ దారంతో కోసి సగమిచ్చిన మనిషి. ఆ సగం ఇరవై ఏడేళ్లుగా బాకీ ఉండిపోయింది. ఆపరేషన్ చీటీకి ఆగస్టు నెలాఖరు గడువు. ఇంతలో సోమవారం టోకెన్ దొరికింది, ఎర్రముద్రా పడింది. కత్తి తప్పిందని షూజెన్ వీధంతా పొద్దుతిరుగుడు గింజలు పంచింది. గ్వేలాన్ మాత్రం సంబరపడలేకపోయింది. ఎర్రముద్రవాళ్ల కప్పులు కడిగేది తనే. కొన్నాళ్లకు ఆ కప్పులు ఒక్కొక్కటిగా కడగడానికి రావడం మానేసేవి.

ఆగస్టులో వచ్చే చాంద్రమాన ఏడో నెల ఏడో రోజు మధ్యాహ్నం, ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ వాకిట్లో గిన్నెడు నీళ్లు పెట్టుకుని సూదులు తేల్చడానికి కూర్చున్నారు. సూది తేలితే ఆడది పనిమంతురాలు. మునిగితే వీధికి నవ్వులాట. షూజెన్ సూది పూరేకులా తేలింది. గ్వేలాన్ వేలు నీటికి తగలగానే అదికాస్తా బుడుంగున మునిగింది.

"ముంచావూ! నీది సరే, నాదీ ముంచావు."

"నేనింకా సూదే వదల్లేదక్కా. వేలు తగిలిందంతే."

"ఆ వేలే మరి! గిన్నెలు తోమి అలాగే వచ్చేస్తావు. సబ్బు చెయ్యి తగిలితే నీళ్లకి పట్టుంటుందా? మా అమ్మైతే మూడుసార్లు మంచినీళ్లతో కడిగిస్తేగానీ గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు."

గ్వేలాన్ చెయ్యి అలాగే ఆగిపోయింది. సంస్థ నియమావళి ఏడో అంశం ప్రకారం కప్పులను సబ్బుతో తోమేది వారానికొక్కరోజు. సోమవారం. మిగతా రోజులు వట్టి నీళ్లే. పట్టు వదిలిన నీళ్లు గొట్టంలోంచి చిన్న బొట్లుగానే జారతాయి.

ఆ సంగతి చెబితే షూజెన్ మునిగిన సూదిని గిన్నెలోంచి పైకి తీసింది.

"అయితే నా ఎర్రముద్ర?"

"సబ్బుదక్కా."

"మరి నీళ్లు తాగినప్పుడల్లా ఒళ్లు వెచ్చగా అనిపించిందే!"

"ఆగస్టు నెలక్కా."

మర్నాడు గ్వేలాన్ డైరెక్టర్ గదికి వెళ్లింది. ఫాంగ్ ఓపిగ్గా విన్నాడు. "సబ్బు సామాన్ల గదికి చెందిన విషయం. పరిశోధనలోకి రాదు. ఇంతకీ నీ వేలు తగిలితే సూది మునిగిందన్నావు. నీలోనూ శక్తి ఉందేమో, దరఖాస్తు పెట్టుకో" అన్నాడు.

లూ మాస్టారు తలుపు మూసి మాట్లాడాడు. "సబ్బేనని నాకు మొదటి నెలలోనే తెలిసిందమ్మా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఈ గొట్టం ఉండదు. నేనూ ఇక్కడ ఉండను."

"వాళ్లూ ఉండటం లేదు కదా మాస్టారూ."

ఆయన సొరుగులోంచి కలం తీశాడు. షూజెన్‌కు మళ్లీ పరీక్ష చేయాలని కాగితం రాసిచ్చాడు. ఎర్రముద్ర మార్చాలంటే ఆ పరీక్ష కూడా సోమవారమే జరగాలి (నియమావళి, పదకొండో అంశం).

ఆ సోమవారం గ్వేలాన్ సబ్బు ముట్టలేదు. కాగిన నీళ్లతో ఒక్కో కప్పునూ మూడుసార్లు కడిగింది. పన్నెండు మందికీ నీలిముద్రే. వరండా అంతా ఏడుపులు, శాపనార్థాలు. ఏడవనిది షూజెన్ ఒక్కతే. కున్మింగ్‌లో మహాగురువుకు జలుబు చేసిందని సంస్థ ప్రకటించింది. నెలాఖరుకు రెండు రోజుల ముందు షూజెన్‌కు ఆపరేషన్ జరిగింది.

ఆపైన రెండు నెలల సోమవారాలు మహాగురువు జలుబు తగ్గలేదు. విచారణ సంఘం కూర్చుంది, లేచింది. గ్వేలాన్‌కు సగౌరవంగా విశ్రాంతి ఇచ్చి, వీడ్కోలు బహుమతిగా ఒక వాసన సబ్బు చేతిలో పెట్టారు. కొత్తగా చేరిన మనిషికి వారానికి రెండు సబ్బులు మంజూరయ్యాయి. కారణం రాయలేదు.

వెళ్తూ వెళ్తూ ఆమె సోమవారం వరుస దగ్గర ఆగింది. "మంగళవారం రండమ్మా" అంది. "నీ ఇటుకకి చోటు కావాలా ముసలమ్మా?" అన్నాడు ముందున్నాయన. వరుసంతా నవ్వింది.

ఏడాది చివర్లో సంస్థ నివేదిక వచ్చింది. అధ్యయనానికి తీసుకున్న ఎర్రముద్రలు నలభై ఒకటి. అందులో నలభై మంది గ్రహణానికి అందనంత దూరం వెళ్లారు. ఒకరు దూర ప్రాణశక్తితో సంపూర్ణంగా కోలుకున్నారు: కుట్టుపని షూజెన్. తర్వాత పడిన నీలిముద్రకూ, కోత మచ్చకూ నివేదికలో గడి లేదు.

గ్వేలాన్ ఆ నివేదిక చదివి వినిపించి, వాసన సబ్బు షూజెన్ ఒళ్లో పెట్టింది. "ఇరవై ఏడేళ్ల బాకీ, అక్కా."

షూజెన్ దాన్ని వాసన చూసి, కుట్టుపెట్టెలోంచి దారం తీసి, సరిగ్గా మధ్యకు కోసి, సగం వెనక్కిచ్చింది.

"ఉంచుకో అక్కా, అంతా నీకే."

"నేనిచ్చింది సగమే. నాది కానిది నా ఖాతాలో రాసుకోవడానికి నేనేమన్నా పరిశోధనా సంస్థనా?"