ముగ్గు అవతలి చెత్త

మా ఇంటి చెత్తను పక్కింటి సిద్ధమ్మ వాకిటి వైపు ఎంతవరకు ఊడ్చవచ్చు అనే విషయం మీద శుక్రవారం పొద్దున మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. మా అత్త చంద్రకాంతమ్మ మామిడి తొక్కలను ముగ్గు అంచు దాటించి నడుం నిలబెట్టింది. మా మరిది మునికృష్ణ వాటిని మళ్ళీ ఇవతలికి లాగాడు.

"మన చెత్త మనమే ఎత్తాల గదమ్మా."

"ముగ్గు దాటినాక అది మనదెట్లయితాదిరా? ఇంత చదివినావు, ఆ మాత్రం తెలీదా?"

మీ వీధిలోనూ ఇదే పద్ధతి గనుక వివరించనక్కరలేదు. అయినా మర్యాద కోసం చెబుతున్నాను. చిత్తూరులో మా వీధి తూర్పుకు వాలుగా ఉంటుంది. ప్రతి ఇల్లాలూ తెల్లవారగానే వాకిలి ఊడ్చి, చెత్తను తూర్పింటి హద్దుకు చేర్చి, కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తుంది. ముగ్గు పడిందంటే ఆ ఇంటి శుభ్రత పూర్తయినట్టే. ఈ విధంగా చెత్త ఎవరికీ భారం కాకుండా పద్నాలుగు వాకిళ్ళు నడిచి చివరింటి గురప్పను చేరుతుంది. ఆయనకు తూర్పున ఇల్లు లేదు. కనుక సాయంత్రం దానికి నిప్పు పెడతాడు. పొగ ఏ పక్షపాతమూ లేకుండా అందరిళ్ళకూ తిరిగి వస్తుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటున్న వీధిలో పుట్టి కూడా మునికృష్ణ తిరుపతి వెళ్ళి, యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగులో ఎం.టెక్. చేశాడు. అదేమి చదువో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. అందువల్ల అందరూ గౌరవించారు. అక్కడ మురికినీళ్ళను సీసాలో పోసి, అయిదు రోజులు చీకట్లో దాచి, అవి ఎంత మురికినీళ్ళో అంకెల్లో నిరూపించడం నేర్పారట. వీడ్కోలు సభలో ఒక పెద్దాయన, "రాబోయే కాలం మీది. ఈ దేశంలోని ప్రతి నదీ మీ కోసం ఎదురుచూస్తున్నది" అని గద్గదస్వరంతో సెలవిచ్చారు. నదులు ఎదురుచూస్తున్న మాట నిజమే. నియామకపు ఉత్తర్వులిచ్చే అధికారం మాత్రం వాటికి లేదు.

ఏడాదిన్నర గడిచింది. ఉపాధి కల్పన కార్యాలయంలో మునికృష్ణ పేరును 'ఇతరములు' అనే శీర్షిక కింద, ఒక హరికథ భాగవతారుకూ, ఒక ఏనుగు మావటికీ మధ్య సగౌరవంగా చేర్చుకున్నారు. ఆ ఏడాది మావటికి పిలుపు వచ్చింది. ఒక మునిసిపాలిటీ అధికారి అర్జీ మొత్తం చదివి, "మాకు పందులుండాయి గదప్పా. అవి అర్జీలు గూడా పెట్టుకోవు" అన్నాడు.

ఎట్టకేలకు ఆ శుక్రవారమే పలమనేరు దారిలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నుంచి పిలుపు. పర్యావరణం తెలిసిన మనిషిని పెట్టుకోకపోతే సీలు వేస్తామని వాళ్ళకు పైనుంచి కాగితం వచ్చింది. తోడుగా మా మామ దొరస్వామి వెళ్ళాడు. ఆయన సర్వే శాఖలో ముప్ఫై ఏళ్ళు గొలుసు పట్టి రిటైరైన మనిషి. జిల్లాలో ఏ హద్దురాయి ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

"మా మురికినీళ్ళు ఏం చేస్తావబ్బా?" అని ఫ్యాక్టరీ యజమాని గంగాధరం అడిగాడు.

మునికృష్ణ అరగంట చెప్పాడు. తొట్లు కట్టాలి, మడ్డి దిగనివ్వాలి, గాలి పట్టించాలి, చివరికి ఆ నీళ్ళు కొబ్బరిచెట్లకు పెట్టుకోవచ్చు. గంగాధరం పురాణం విన్నంత భక్తిగా విన్నాడు.

"అంతా బాగుండాది. నీళ్ళు యాడికి పంపిస్తావో చెప్పలేదే?"

"పంపించేది లేదు సార్. ఈడనే శుభ్రం చేస్తాం."

"ఈడనే పెట్టుకునేదానికి ఇంజనీరెందుకప్పా?"

తలుపు దగ్గర కూర్చున్న మా మామ ఇక ఓర్చుకోలేకపోయాడు. "తూర్పుకు వాలుండాదయ్యా. నాలుగు వందల అడుగులు పోతే మీ పంచాయతీ హద్దురాయి. దాన్ని దాటిచ్చినాక అవి మీ నీళ్ళెట్లయితాయి?"

గంగాధరం లేచి ఆయనకు తన పక్కన కుర్చీ వేయించాడట.

రెండు గంటలకు అందరం సంగటి, ఊరిబిండి పచ్చడి ముందు కూర్చున్నాం. మామ గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం నుంచి నేను ఫ్యాక్టరీలో చేరతా ఉండాను. పర్యావరణ సలహాదారు. వీడు నాకు అసిస్టెంటు. నీళ్ళు శుభ్రంగా ఉండాయని ఇంగ్లీషులో రాసేదానికి చదువుకున్నోడు కావాలంట."

"చదువు వృథా పోలేదు" అని అత్త కళ్ళు ఒత్తుకుంది. ముగ్గు అవతల తను ఇన్నేళ్ళు చేసిన సేవకు ఆ ఉద్యోగం మా ఇంటికి కాక ఇంకెవరింటికి రావాలని నాకూ అనిపించింది.

మునికృష్ణ సంగటి ముద్ద అలాగే పట్టుకుని, "నాయనా, ఆ రాయి దాటినాక నీళ్ళు వంకలో పడతాయి. ఆ వంక యాడికి పోతాదో తెలుసా? మన కుళాయిలకు నీళ్ళెక్కించే బావి కాడికి" అన్నాడు.

మామ సర్వే మనిషి. కాదనలేకపోయాడు. ఊరిబిండిలో వేలితో ఫ్యాక్టరీ, రాయి, వంక, బావి, మా ఇల్లు వరుసగా గీసి చూసుకున్నాడు. గీత ఎక్కడా తప్పలేదు. అందరం ఆయన నోటి వైపే చూశాం.

"అయితే సోమవారం నుంచి మనింట్లో నీళ్ళు కాంచుకొని తాగాల" అని నిర్ణయం ప్రకటించాడు.

"వదినా, కాంచేముందు ఒక సీసా నాకు తీసిపెట్టు. అయిదు దినాలుంచాల" అన్నాడు మునికృష్ణ.

"రిపోర్టు రాసినాక పెట్టుకోరా సీసా" అన్నాడు మామ.

నేను ఇద్దరి మాటా విన్నాను. సీసా కడిగి ఆరబెట్టాను. నీళ్ళు కాచడానికి అటక మీది పెద్ద అండా దింపి, అప్పుడే శుభ్రంగా తోమాను. తోమిన నీళ్ళు మీరైతే ఎక్కడ పారబోస్తారో నేనూ అక్కడే పారబోశాను.