కోర్టు కింద కాపురం

"మహా దార్శనికుడు కల్నల్ లియాండర్ ప్రూయిట్ గారు ఈ నెబ్రాస్కా మైదానమంతా కాలినడకన గాలించి, మూడు రోజులు ప్రార్థన చేసి, మన ఊరికి ఈ చోటు ఎంచుకున్నారు. వచ్చే శనివారం సరిగ్గా ఆ చోటనే ఆయన శిలావిగ్రహ ఆవిష్కరణ. అందరూ రావలెను."

మన మేయరు గారు ఆమధ్య పత్రికలో వేయించిన ప్రకటన ఇది. మేయరు గారు కల్నల్ గారి సొంత మనవడు. ఊరు పుట్టిన రోజున నేను, అంటే ఈ ఆర్ఫమ్మ, అక్కడే ఉన్నాను. నిజం చెప్పాలంటే కల్నల్ గారి కాళ్ళ కిందే ఉన్నాను. అంచేత ఆ మహానుభావుడి గురించి నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యత.

అప్పటికి మా ఆయన పోయి రెండేళ్ళు. సర్కారు భూమిలో ఇల్లు వేసుకుని అయిదేళ్ళు కాపురం చేస్తే ఆ భూమి మనదవుతుంది. మధ్యలో ఇల్లు లేదంటే భూమీ లేదు. నాకింక ఒక్క చలికాలం మిగిలింది. ఇల్లంటే మేడనుకునేరు. చెట్టన్నది లేని మైదానంలో కలప ఎక్కడిది? నేలలోకి తవ్వుకున్న ఇల్లు. కప్పు మీద గడ్డి మొలిచి, దూరం నుంచి ఉత్త నేలలాగే ఉండేది. దారి తప్పిన ఆవులు నా నెత్తిన మేసి పోతుండేవి.

కల్నల్ గారికి అప్పట్లో పడమటి వైపు ఒక మహానగరం ఉండేది. నాలుగు గుంజలు, ఒక బోర్డు. దానికి కోర్టు లేకపోవడం ఆయన్ని బాగా కలచివేసింది. కోర్టు ఎక్కడుంటే జిల్లాకి అదే పెద్ద ఊరు, ప్లాట్లు అమ్ముడయ్యేదీ అక్కడే. ఆ కోర్టేమో గిల్బీ అనే ఊళ్ళో ఉంది. ఒక ఆదివారం గిల్బీ జనమంతా చర్చిలో పాటలు పాడుకుంటుంటే, కల్నల్ గారు న్యాయాన్ని రక్షించడానికి ముప్ఫై ఎడ్లతో వెళ్ళి, ఆ చెక్క కోర్టుని దుంగల మీదికెక్కించి లాక్కొచ్చేశారు. జడ్జి బిక్‌ఫర్డ్ గారు లోపల కునుకు తీస్తున్నారు. పెద్దమనిషిని నిద్ర లేపడం మర్యాద కాదని లేపలేదు.

నేను బీన్స్ ఉడకేస్తున్నాను. కప్పు కూలి కుండలో మట్టి పడింది. తలెత్తి చూస్తే, కోర్టు తాలూకు ఒక మూల.

"ఎవరమ్మా కిందా?" అని పైనుంచి కల్నల్ గారి గొంతు.

"ఇంటిదాన్ని. పైనెవరయ్యా?"

"న్యాయస్థానం. నీ కప్పు మా దారికి అడ్డొచ్చింది."

"కప్పు నాలుగేళ్ళుగా ఇక్కడే ఉందయ్యా. నడిచొచ్చింది మీ కోర్టు."

ఎడ్లు తోలే యెన్స్ కొరడా పక్కన పడేశాడు. "కల్నల్ గారూ, ఇవి ఇంక కదలవు. ఓటేసేశాయి."

కల్నల్ గారు కోర్టు మెట్టెక్కారు. కోర్టు ఇంకాస్త ఒరిగింది. పడిపోకుండా గుమ్మం పట్టుకోబోయి, అందక, చెయ్యి ఆకాశానికి ఎత్తి, "ఇదే ఆ చోటు!" అని అరిచారు. అలా మన ఊరు పుట్టింది.

మర్నాడు పైకెళ్ళి జడ్జిగారి ముందు నిలబడ్డాను.

"అయ్యగారూ, నా ఇంటి మీద కోర్టు పడింది."

"ఘోరం! కేసు ఎవరి మీదమ్మా?"

"తమ మీదే."

"కోర్టు మీద కేసు ఆ కోర్టే వింటే న్యాయం కాదు ఆర్ఫమ్మా. ఇంకో కోర్టుకెళ్ళు."

"ఇంకోటి ఎక్కడుందయ్యా?"

"మొన్నటిదాకా గిల్బీలో ఉండేది."

చేసేదేముంది? కోర్టుకి నాలుగు దుంగలు ఊతగా పెట్టి కిందే కాపురం సాగించాను. నా పొయ్యి గొట్టం కోర్టు నేలని చీల్చుకుని సరిగ్గా జడ్జిగారి కుర్చీ పక్కనుంచి పైకి పోయేది. "పడమటి దేశంలో నేలలోంచి వెచ్చదనం వచ్చే ఏకైక న్యాయస్థానం" అని కల్నల్ గారు తన పత్రికలో రాసుకున్నారు. నేను పంది మాంసం వేయించినప్పుడల్లా కేసులు వాయిదా పడేవి.

కోర్టు చుట్టూ కిరాణా కొట్టొచ్చింది, మంగలి వచ్చాడు, సారా కొట్టు రెండొచ్చాయి. నా మొక్కజొన్న చేలో మెయిన్ రోడ్డు వేసి, కల్నల్ గారు అటూ ఇటూ ప్లాట్లు అమ్మారు. భూమి నాదయితే అమ్మినవి చెల్లవు. అందుకని జనవరిలో, మంచు తుఫాను రోజున, నా మీద కేసు వేశారు.

"అయ్యగారూ! చట్టం ఇల్లు ఉండాలంటోంది. కప్పు లేనిదే ఇల్లు కాదు. ఈవిడ నెత్తిన ఉన్నది కప్పు కాదు, కోర్టు నేల. అది ప్రభుత్వానిది. కనక ఇక్కడ ఇల్లు లేదు. ఉన్నది ఉత్త నేల!"

రెండు గంటలు వాదించారు. ఎంత చక్కగా చెప్పారంటే, నాకే నమ్మకం కుదిరిపోయింది. సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టింది. జడ్జిగారు గొట్టం మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డారు.

"ఆర్ఫమ్మా, పొయ్యి ఏమైంది?"

"ఏ పొయ్యి అయ్యగారూ? ఇల్లే లేదంటుంటే! లేని ఇంట్లో పొయ్యి వెలిగిస్తే కోర్టు ధిక్కారం కాదూ?"

జడ్జిగారు కల్నల్ గారి వైపు చూశారు. కల్నల్ గారి మీసాలకి మంచు పట్టింది.

"ఇల్లు ఉంది," అన్నారు జడ్జిగారు. "ఎప్పటినుంచో ఉంది. తీర్పు తర్వాత రాస్తాను, ముందెళ్ళి వెలిగించమ్మా."

వసంతం రాగానే నా భూమి నాదయింది. ఆ వెంటనే ఒక ఆదివారం, మన ఊరంతా చర్చిలో ఉండగా, గిల్బీ వాళ్ళు ఎడ్లతో వచ్చారు.

"అమ్మా, కోర్టు తీసుకెళ్ళమంటారా?"

"తీసుకెళ్ళండి నాయనా. పొయ్యి గొట్టం జాగ్రత్త."

చర్చి నుంచి వచ్చి చూసిన కల్నల్ గారు, "నేటితో మన ఊరు వ్యాజ్యాల నుంచి విముక్తి పొందింది!" అని ప్రకటించి, శాసనసభకి పోటీ చేసి గెలిచారు. ప్లాట్లు కొన్నవాళ్ళు పోవడానికి చోటు లేక ఉండిపోయారు. నేనూ పొమ్మనలేదు. నేను చెక్క ఇల్లు కట్టుకుని, పాత గుంతకి మళ్ళీ కప్పేసి, కొన్నాళ్ళు బంగాళాదుంపలు దాచుకున్నాను. తర్వాత గడ్డి మొలిచింది. అంతా మర్చిపోయారు.

మొన్న శనివారం మేయరు గారు నన్ను కార్లో తీసుకెళ్ళారు.

"అవ్వా, మా తాతగారు నిలబడ్డ చోటు సరిగ్గా ఎక్కడ?"

చూపించాను. అంగుళం అటూ ఇటూ కాకుండా చూపించాను.

లారీలోంచి విగ్రహాన్ని దించి నిలబెట్టారు. నిలువెత్తు రాయి, చెయ్యి ఆకాశానికి ఎత్తి ఉంది. బ్యాండు మొదలైంది. మేయరు గారు "ఇదే ఆ చోటు!" అన్నారు. కల్నల్ గారు నెమ్మదిగా, హుందాగా నేలలోకి దిగిపోయారు. గడ్డిలోంచి చెయ్యి ఒక్కటే పైకి కనిపిస్తోంది.

"కింద ఇల్లుందని ముందే చెప్పొద్దా అవ్వా!" అని మేయరు గారు ఏడుపు గొంతుతో అడిగారు.

"ఇల్లా? ఇక్కడున్నది ఉత్త నేలేనని మీ తాతగారు రెండు గంటలు వాదించారు నాయనా. అంతటి పెద్దమనిషి మాట నేనెలా కాదంటాను?"