దేవరాజులుకు పుత్తూరు కట్టు

పొద్దున తిరుపతిలో దేవరాజులు బొమ్మను బస్సెక్కించాలి, మధ్యాహ్నానికి నగరిలో దించాలి, సాయంత్రం తెర తీయాలి. స్మారక సంఘం జయరామ్‌కు అప్పగించిన పని ఇంతే. సంఘమంటే బతికున్నన్నాళ్లూ దేవరాజులు మాట చెవిన పెట్టనివాళ్లు, పోయాక దండలు కొన్నవాళ్లు.

దేవరాజులుది నగరిలో నూలు మిల్లు. ఆఫీసు పక్క గదిలో మైక్రోస్కోపు, గాజు సీసాలు, స్పిరిట్ దీపాలు పెట్టి, సైన్సు చదివే కుర్రవాళ్లను పిలిచి, ఏదైనా కనుక్కోండని వదిలేసేవాడు. నేతగాడి కొడుకు జయరామ్ అక్కడే అద్దకం నీళ్లను శుభ్రం చేసే దారి వెతుకుతూ ఉండేవాడు. ఊరి బావులు ఎర్రబడుతున్నాయి మరి. దేవరాజులు పోయాక మిల్లు ఆయన బావమరిది మునిరామయ్య చేతికి వచ్చింది. ఏడాది తిరక్కముందే ఆ గదిలో నూలు మూటలు కుక్కించి, కుర్రవాళ్లను బయటికి తోలి, ఇప్పుడు దానితో ఎవరికీ పనిలేదని మద్రాసులో ఉన్న అక్క, దేవరాజులు భార్య జ్ఞానాంబకు చెప్పాడు. తొలి వర్ధంతికి ఆమె వస్తోంది. గది ఉండాలో పోవాలో సభలోనే చెబుతానంది. అంతకుముందే ఆమె కాళ్లావేళ్లా పడాలని జయరామ్ ఆలోచన.

బొమ్మ ప్లాస్టర్‌ది. నడుము దాకా ఉంటుంది, కుడిచెయ్యి చాచి భూతద్దం పట్టుకుని ఉంటుంది. సామానంటే కండక్టర్ బస్సు మీదికి ఎక్కిస్తాడు, నగరి చేరేసరికి పొడి మిగులుతుంది. అందుకని జయరామ్ దాన్ని కిటికీ పక్క సీట్లో పెట్టి, కాళ్లుండాల్సిన చోట దుప్పటి చుట్ట ఇరికించి, తలమీదుగా పంచె కప్పి, రెండు టిక్కెట్లు అడిగాడు.

"ఎవరప్పా ఆయన?" అన్నాడు కండక్టర్. అతను ఆ దారికి కొత్త.

"నగరి మిల్లు దేవరాజులు. ఒంట్లో బాగలేదు, తాకొద్దు."

రేణిగుంట దాటాక ఎద్దులబండి అడ్డమొచ్చింది. బ్రేకు పడింది. పంచె లోపల చెయ్యి ఫట్టుమని విరిగి, లోపలి కమ్మికి వేలాడింది. తిరుచానూరు నుంచి పూలగంపతో వస్తున్న రుక్మిణమ్మ వెనక్కి తిరిగింది.

"ఎముక ఇరిగిన సప్పుడు నా దాకా ఇనపడింది. పెద్దాయన అబ్బా అని గూడా అనలేదు సూడు. ఏం ఓర్పు నాయనా!"

ఆ దారిలో చెయ్యి విరిగినవాణ్ని ఎక్కడ దించాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. బస్సు తిన్నగా పోయి పుత్తూరులో కట్లు కట్టే గంగులప్ప వాకిట్లో ఆగింది. ఇది బొమ్మని చెబుదామని జయరామ్ నోరు తెరిచాడు. బస్సంతా జాలిగా తననే చూస్తోంది. నోరు మూసుకుని, బొమ్మను ఎత్తుకుని దిగాడు.

గంగులప్ప పంచె తీసి చూశాడు. వాకిలి నిండా జనం మూలుగుతున్నారు, ఆశ్చర్యపోవడానికి ఆయనకు తీరిక లేదు.

"ఏడ్సడు గదా? అయితే సుళువే."

ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ. చేతిని మెడకు వేలాడగట్టి, అలవాటు కొద్దీ అందరికీ చెప్పేదే చెప్పాడు. "నేను చెప్పిందాకా ఇప్పొద్దు. పులుపు పెట్టొద్దు."

ఈలోగా బస్సు నగరి చేరింది. కండక్టర్ మంచివాడు. మిల్లు గేటు దగ్గర దిగి, మీ దేవరాజులుకు చెయ్యి విరిగిందనీ, పుత్తూరులో దించామనీ, కట్టు కట్టించుకుని వచ్చేస్తాడనీ కాపలావాడికి చెప్పి పోయాడు. కాపలావాడు లోపలికి పరిగెత్తాడు. యంత్రాలు ఆగాయి. కొందరు నవ్వారు, కొందరు దండం పెట్టుకున్నారు. చెయ్యే గదా, కాళ్లు బాగుండాయి, వస్తాడులే అన్నారు ఇంకొందరు.

మునిరామయ్య అందరినీ తిట్టాడు. దహనం దగ్గరుండి చేయించింది తానేనని గట్టిగా అరిచాడు. అరిచి, కుర్చీలో కూర్చుని, పక్క గది తలుపు వైపు చాలాసేపు చూశాడు.

"సచ్చినాడని నాకు తెలుసు," అన్నాడు కూలీలతో. "అయినా ఆ మూటలు తీసేయండి. గది ఊడ్సండి. మైక్రోస్కోపు యాడ పారేసినారో ఎతికి బల్ల మీద పెట్టండి."

జ్ఞానాంబ కారు దిగి ముందు ఆ గదిలోకే వెళ్లింది. బల్ల మీద వేలు రాసి చూసుకుంది.

"ఏమిరా మునిరామయ్యా, ఎవరికీ పనిలేదంటివే? ఆయన ఉన్నప్పుడు గూడా ఇంత శుభ్రంగా లేదు గదరా."

మునిరామయ్య పైగుడ్డతో బల్ల ఇంకోసారి తుడిచాడు. ఎందుకు ఊడ్పించాడో ఎవరికి చెప్పుకోగలడు?

జయరామ్ లారీ పట్టుకుని వచ్చేసరికి సభ మొదలైంది. గది కుర్రవాళ్లదేననీ, తాళంచెవి జయరామ్ దగ్గర ఉంటుందనీ జ్ఞానాంబ అప్పటికే చెప్పేసింది. దారి పొడవునా కూర్చుకున్న మాటలు అతనికి అక్కరకు రాలేదు. బొమ్మను తెర వెనక నిలబెట్టాడు. తెర లాగారు. దేవరాజులు మెడలో గుడ్డతో, బద్దల మధ్య చేతితో, పసరు వాసనతో కనిపించాడు. మునిరామయ్య గభాలున లేచి చేతులు జోడించాడు. అది గౌరవమనుకుని సభంతా లేచింది.

జనం వెళ్లాక మునిరామయ్య జయరామ్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, వైద్యుడు ఏమన్నాడని అడిగాడు. జయరామ్ గంగులప్ప మాటలే అప్పజెప్పాడు.

కట్టు ఇంకా విప్పలేదు. ఏటా వర్ధంతి భోజనాలు మునిరామయ్యే దగ్గరుండి వడ్డిస్తాడు, పులిహోర మాత్రం వండనివ్వడు.